మూడో రకం తపసి బంక

నేను ఒక తపసి బంక ముద్దను. ముద్దను అనేది పుట్టినప్పటి సంగతి. ఆ తర్వాత పొడినయ్యాను, పెట్టుడు పళ్ల కింద జిగురునయ్యాను, ఆఖరికి చొక్కా బొత్తమంత బ్యాటరీలో నల్లటి పూతనయ్యాను. ఇన్ని రూపాల్లోనూ నేను చేసిన పని ఒక్కటే, విడిపోయేవాటిని పట్టి ఉంచడం. ఆ ఒక్క పనీ సరిగ్గా చేతకాని మనుషులు నన్ను చూసి "ఆఁ, బంకే కదా" అని పెదవి విరుస్తారు. విరవండి. మీ గురించి నేననుకునేది వింటే మీ పెదవులు ఇంకా వంకర పోతాయి.

పాడేరు కొండల్లో ఒక తపసి చెట్టు ఒంట్లోంచి వచ్చాను. ఎండాకాలం ఆకులన్నీ రాల్చేసి నిలబడితే ఆ చెట్టు దూరానికి సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. దానికి గాటు పెడితే బంక కారుతుంది. దాన్ని మీలో కొందరు చెట్టు కన్నీరంటారట. కన్నీరూ కాదు, పన్నీరూ కాదు. పుండు మీద చెట్టు తనకు తానే వేసుకునే కట్టు అది. గాయం చేసి, ఆ కట్టు కూడా ఊడబెరుక్కుపోయి, పైగా దానికో ముద్దుపేరు పెట్టడం మీ జాతికే చెల్లింది.

నా చెట్టుకు గాటు పెట్టినావిడ పేరు వంతాల చిలకమ్మ. ఆవిడ గాటు బొటనవేలంత ఉంటుంది. పక్క గూడెం వాళ్లు తొందర కొద్దీ గొడ్డలితో బెరడంతా చెక్కేసి, ఒక్క ఏడాది తట్టలు నింపుకున్నారు. మరుసటేడు చెట్లు ఎండిపోతే దేవుణ్ణి తిట్టుకున్నారు. చిలకమ్మ మీద నాకు పెద్ద కోపం లేదు. అలాగని గౌరవం ఉందని కూడా అనుకోవద్దు.

కొనుగోలు డిపోలో కూర్చున్న గుమస్తా నన్ను రెండు వేళ్లతో ఎండకెత్తి చూశాడు. "బెరడుంది. ఎర్రగా ఉంది. మూడో రకం" అని మూలకున్న కుప్పలోకి విసిరాడు.

చిలకమ్మ ఊరుకోలేదు. "రంగు సూత్తావేటి బాబూ? తడిపి సూడు. పట్టు సూడు" అంది.

గుమస్తా నవ్వి తరువాతి తట్ట అందుకున్నాడు. పట్టు చూడడానికి తడపాలి, ఆగాలి. రంగు చూడడానికి కళ్లుంటే చాలు. మీరు దేనికైనా రకం కట్టేది ఈ పద్ధతిలోనేనని ఆ తర్వాత చాలాచోట్ల గమనించాను.

విశాఖపట్నంలో ఒక చిన్న మరలో నన్ను పొడి కొట్టారు. నాకు పుట్టుకతోనే కాస్త పులిసిన వాసన ఉంటుంది. అది తెలియకుండా పుదీనా సత్తు కలిపి, రేకు డబ్బాలో పోసి, పెట్టుడు పళ్లను చిగుళ్లకు అతికించే పొడి అని చీటీ అంటించారు. డబ్బా మీద ముప్పై రెండు పళ్లూ సొంతవే ఉన్న ఒక యువతి నవ్వుతూ ఉంటుంది. ఆ పొడి ఆవిడకెందుకో అచ్చు వేసినవాడికే తెలియాలి.

అలా నేను గాజువాకలో గేదెల పాపినాయుడు మాస్టారి ఇంటికి చేరాను. ఆయన ముప్పై ఆరేళ్లు తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైన మనిషి. దంత్యాలంటే పళ్ల సాయంతో పలికే అక్షరాలని తరతరాల పిల్లలకు నూరిపోసిన ఆయనకు, చివరికి దంత్యాలు పలకడానికి నేను కావలసి వచ్చాను. నేను లేని పూట "తద్ధితం" అనబోతే పైవరస వచ్చి కింది వరస మీద పడేది. పొద్దున్నే పళ్లకట్టు తడిపి, నన్ను చిటికెడు చల్లి, నోట్లో నొక్కుకుని, పేపరు విప్పుకుని కూర్చునేవారు. "ఈ కాలం వాళ్లకి దేని మీదా పట్టు లేదు" అని రోజూ చదివి వినిపించేవారు. తన పట్టు ఒక రేకు డబ్బాలోంచి వస్తోందని ఒక్కనాడూ గుర్తుకు రాలేదు.

ఆయన కోడలు అరసాడ హైమవతి. పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోలేదు, డిగ్రీ కాగితాల మీద ఉన్నదే ఉంచుకుంది. భర్త ఒడిశా రేవులో క్రేన్ నడిపే ఉద్యోగం మీద ఉండేవాడు. ఆవిడ ఊళ్లోనే ఒక పరిశోధనాలయంలో బ్యాటరీల మీద పిహెచ్.డి. చేస్తోంది. గడువు మరో పది నెలల్లో ముగుస్తుంది. అప్పటికి ఆవిడకు మూడో నెల. అంతకు రెండేళ్ల ముందు ఒక కడుపు నాలుగో నెలలో పోయింది. ఎందుకు పోయిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

ఇక చెప్పబోయేది నేను చూసింది కాదు. ఒక సాయంత్రం ఆవిడ వాష్‌బేసిన్ దగ్గర మామగారితో చెబుతుంటే అద్దం కింద అరలో కూర్చుని విన్నది.

వాళ్లు చేసేది గంధకం బ్యాటరీ. ఒక పక్క లిథియం, ఇంకో పక్క మన దీపావళి మందులో పడే పసుప్పచ్చ గంధకం. కారుచౌక సరుకు, బోలెడు విద్యుత్తు దాచుకుంటుంది. కానీ మహా నిలకడలేనిది. బ్యాటరీ వాడుతున్నప్పుడు ఉబ్బుతుంది, నింపుతున్నప్పుడు తగ్గుతుంది. మధ్యలో కరిగి, తన చోటు వదిలి, లిథియం వైపు షికారు పోతుంది. అలా పోయిందంతా నష్టమే. అందుకని గంధకాన్నీ మసినీ కలిపి రేకు మీద అంటించి ఉంచడానికి ఒక జిగురు కావాలి. ఆ ల్యాబులో వాడే జిగురు ఒకరకం ప్లాస్టిక్. అది నీళ్లలో కరగదు, ఎన్.ఎం.పి. అనే ద్రావకంలోనే కరుగుతుంది. ఆ ద్రావకం డబ్బా మీద గుండెల్లో నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ, దాని కింద ఒక వాక్యం: కడుపులోని బిడ్డకు హాని కలిగించవచ్చు.

నాలుగేళ్లుగా ఆ డబ్బా వంచి పోసుకున్న హైమవతి ఆ వాక్యాన్ని ఆ రోజే పూర్తిగా చదివిందట. మీ అక్షరాస్యత తీరు అది. ముందు వాడతారు, తర్వాత చదువుతారు.

వెళ్లి ప్రొఫెసర్ మార్కండేయులు గారిని అడిగింది. ఆయన ల్యాబుకు పెద్ద. కళ్లు కంప్యూటరు మీంచి తిప్పకుండానే, "గ్లవ్స్ వేసుకో అమ్మా. ప్రపంచమంతా దాన్నే వాడుతోంది" అన్నారట.

"వేరే జిగురు ఏదైనా చూడనా సార్? నీళ్లలో కలిసేది?"

"లిథియం బ్యాటరీలోకి నీళ్లా?" అని నవ్వారట. "పోనీ, సెలవు పెట్టుకో. గడువు సంగతి మాత్రం నన్నడక్కు."

ఇదంతా చెప్పి ఆవిడ కళ్లు తుడుచుకుంది. పాపినాయుడు మాస్టారు అప్పుడు పళ్లకట్టు తీసుకోవడానికి అవస్థ పడుతున్నారు. రెండు వేళ్లు నోట్లో పెట్టి లాగుతున్నారు. నేను వదలడం లేదు.

"నీల్లు పుక్కిలించండి మావయ్యా, వచ్చేస్తాది" అంది ఆవిడ.

"ఎక్కడొస్తాదమ్మా! ఈ బంక తిక్క బంక. నీల్లు తగిలిన కొద్దీ ఉబ్బి మరింత పట్టీస్తాది. పొడిగున్నంతసేపే ఊడతాది" అన్నారాయన, సగం ఊడిన పళ్లతో.

హైమవతి ఏడుపు ఆపేసింది. డబ్బా అందుకుని, వెనక చీటీ మీదున్న అక్షరాలు చదివింది. ఈసారి మొదటే చదివింది. మర్నాడు పొద్దున నేను ఆవిడ చేతిసంచిలో, టిఫిను గిన్నె పక్కన, ల్యాబుకు బయల్దేరాను. ఆ పూట మాస్టారు పెరుగన్నంతో సరిపెట్టుకుని, మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ ఇంటికి అదొక లాభం.

ల్యాబులో మొదటి నెల నాకూ ఆవిడకూ పడలేదు. నేను పంచదారలా కరిగే రకాన్ని కాను, నీళ్లు తాగి ఉబ్బుతాను. ఆవిడ కలిపిన ముద్ద ఉండలు కట్టింది. రేకు మీద పూస్తే ఎండి పెచ్చులు లేచింది. పుదీనా సత్తు వల్ల ఏదో తేడా వచ్చిందని, అదే మరకు వెళ్లి, ఏమీ కలపని ముతక పొడి అడిగి తెచ్చుకుంది. అదీ మూడో రకమే. నేనెక్కడున్నా నేనే కాబట్టి, ఆ పొడీ నేనే అనుకోండి.

పక్క బల్లల వాళ్లు ఆవిడకు "పళ్ల బంక మేడమ్" అని పేరు పెట్టారు. ప్రొఫెసర్ గారు ఒకరోజు వచ్చి, బల్ల మీద వరసగా ఆరబెట్టిన రేకు ముక్కలను చూసి, "ఇది బ్యాటరీ ల్యాబా, వడియాలు పెట్టుకునే డాబానా?" అన్నారు. అందరూ నవ్వారు. పెద్దవాడు వేసిన జోకుకి ఎంతసేపు నవ్వాలో కొలత తెలిసిన వాళ్లు, ఆ కొలత ప్రకారమే నవ్వారు.

హైమవతి కూడా నవ్వింది. నవ్వి, మళ్లీ నన్ను నూరింది. నీళ్లలో రవ్వంత క్షారం వేసి నా పులుపు వదిలించింది. ల్యాబంతా ఆవకాయ జాడీ మూత తీసినంత ఘాటు వాసన వచ్చింది. దానికీ జోకులు వేశారు. కానీ ఆ పులుపు పోయాక నేను పట్టుదల మాని నీళ్లలో సాగాను. గంధకం, మసి, నేను, ఉత్త నీళ్లు. నల్లటి చిక్కటి ముద్ద. దాన్ని అల్యూమినియం రేకు మీద బద్దతో సాపుగా లాగింది. ఆరాక ఒక్క పెచ్చు లేవలేదు.

అయినా ప్రొఫెసర్ అన్నదాంట్లో ఒక నిజం ఉంది. లిథియానికి నీళ్లంటే నిప్పు. అందుకని ఆ రేకుల్ని గాలి తీసేసిన పొయ్యిలో రోజంతా ఆరబెట్టాలి. వేడి ఎక్కువైతే గంధకమే ఎగిరిపోతుంది, తక్కువైతే తడి మిగులుతుంది. ఆవిడ మొదటి దఫాలో నాలుగు సెల్లులు, అంటే బొత్తమంత బ్యాటరీలు, చేసింది. వాటి రేకుల్ని ఆరబెట్టినప్పుడు పొయ్యిని ఆరు గంటలు మాత్రమే నడిపి ఆపేశారు, ప్రొఫెసర్ గారి పనికి పొయ్యి కావలసి వచ్చిందట. ఆ తర్వాత ఎనిమిది సెల్లులు నిదానంగా ఆరబెట్టి చేసింది. మొత్తం పన్నెండు. ప్రతి దాని మీదా అంకె రాసింది. నేను ఏడో నంబరు దాంట్లో ఎక్కువగా ఉన్నాను, అంటే అందులో సంగతి నాకు బాగా తెలుసు.

లోపల చీకటి. గంధకం మీరు చెప్పుకునే బంధువుల్లాంటిది. పని పడగానే ఉబ్బుతుంది, కరుగుతుంది, గోడ దూకి పోదామని చూస్తుంది. ప్లాస్టిక్ జిగురు దాన్ని పైపైన అంటిపెట్టుకుంటుంది, లోపల ఏం పోతోందో దానికి పట్టదు. నా ఒళ్లంతా కొక్కేలు. కరిగి పోబోయే ప్రతి ముక్కనూ ఎక్కడికక్కడ పట్టుకున్నాను. అది ఉబ్బితే సాగాను, తగ్గితే ముడుచుకున్నాను. ఒకసారి నింపడం, ఒకసారి ఖాళీ చెయ్యడం కలిపి ఒక విడత. తొంభయ్యో విడతకల్లా ప్లాస్టిక్ జిగురు సెల్లులు సగం బలం పోగొట్టుకున్నాయి. నాది నూట యాభై దాటినా పెద్దగా తగ్గలేదు.

తడి మిగిలిన ఆ మొదటి నాలుగూ మాత్రం ముప్పై విడతలు తిరక్కుండానే చచ్చాయి. హైమవతి వాటి లెక్క కూడా అదే పుస్తకంలో, అదే సిరాతో రాసింది.

నూట ఎనభయ్యో విడత నాటికి ప్రొఫెసర్ గారి నోట్లో "ఆ బంక" కాస్తా "మన బంక" అయింది. రెండు వందలో విడతకు బంక అన్న మాటే మాయమైంది. నన్ను ఒక గాజుసీసాలోకి మార్చి "సహజ పాలిమర్ బైండర్" అని చీటీ రాశారు. నేను మూడో రకమని తెలిసిన మనిషి ఆ గదిలో హైమవతి ఒక్కతే.

అప్పుడే నిధులిచ్చే సంస్థ నుంచి ముగ్గురు వస్తున్నారని కబురు వచ్చింది. హైమవతికి ఏడో నెల నిండుతోంది. ముందు రోజు ప్రొఫెసర్ గారు ఆవిడను పిలిచి, చూపించబోయే పటాలు తిరగేశారు.

"ఈ నాలుగు గీతలు తీసెయ్ అమ్మా. ఎనిమిది చేశాం, ఎనిమిదీ నిలిచాయి. అంతే."

"చేసింది పన్నెండు కదా సార్."

"ఆ నాలుగూ పొయ్యి తప్పు. బంక తప్పు కాదు. బంక గురించి మాట్లాడుతున్నప్పుడు పొయ్యి గురించి ఎందుకు?" గొంతు తగ్గించారు. "నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేను. నీ పరిస్థితి చూస్తే నీకే తొందర ఎక్కువ. ఆలోచించుకో."

ఆ రోజు ఆవిడ నాలుగు గీతలూ తీసేసింది. నేను సీసాలోంచి చూస్తూనే ఉన్నాను. సరే, ఈవిడా వాళ్ల మనిషే అనుకున్నాను. ఆశ్చర్యపోలేదు కూడా.

మర్నాడు సమావేశం గదిలో పొడవాటి బల్ల మధ్య నన్ను పూలగుత్తి పక్కన పెట్టారు. ప్రొఫెసర్ గారు చక్కగా మాట్లాడారు. ఈ నేల, ఈ అడవి, ఈ నీరు అన్నారు. విషపు ద్రావకాల నుంచి శాస్త్రజ్ఞుల్ని కాపాడాలన్నది మొదటి నుంచీ తన తపన అన్నారు. ఆ డబ్బా అప్పటికి కూడా పక్క గదిలోనే ఉంది, సగం ఖాళీ అయి. చిత్రమేమిటంటే ఆయన అబద్ధం ఆడుతున్నట్టు ఆయనకే తెలియదు. మీలో పెద్దవాళ్లందరూ అంతే, చెప్పే కొద్దీ నమ్ముతారు.

వచ్చిన ముగ్గురిలో నెరిసిన జుట్టు ముడేసుకున్న ఒకావిడ ఉంది. ఆవిడ పేరు కమలినీదేవి, బ్యాటరీల పరిశ్రమలో పండిపోయిన ఇంజనీరు. అంతసేపూ విని, ఆఖర్న అడిగింది.

"మొత్తం ఎన్ని సెల్లులు కట్టారండీ?"

"ఎనిమిది" అన్నారు ప్రొఫెసర్.

బల్ల చివర కుర్చీలో కూర్చున్న హైమవతి లేచి నిలబడింది. లేవడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. సీసాలో నేను కదిలాను.

"పన్నెండండి. నాలుగు పోయాయి."

ప్రొఫెసర్ గారు ఆవిడ వైపు చూసిన చూపుకి గంధకం కూడా తన చోటు వదిలేది కాదు.

"ఎందుకు పోయాయమ్మా?" అని అడిగింది కమలినీదేవి.

"తడి సరిగ్గా ఆరలేదండి. ఆరు గంటలే ఆరబెట్టాం. మిగిలిన ఎనిమిదీ ఇరవై నాలుగ్గంటలు. ఈ జిగురు నీళ్లను ఓ పట్టాన వదలదు. అదే దాని బలం, అదే దాని తప్పు కూడాను. ఆ సంగతి చెప్పకపోతే రేపు దీన్ని ఇంకెవరైనా చేస్తే వాళ్లవీ ఇలాగే పోతాయి. ఆ నాలుగింటి లెక్కా నా దగ్గరుందండి. నిన్న నేనే తీసేశాను. తియ్యకూడదు."

తీయించిందెవరో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు.

కమలినీదేవి పుస్తకం తెప్పించుకుని ఆ నాలుగు పేజీలే ఎక్కువసేపు చదివింది. ఆ ఏడాది ప్రొఫెసర్ గారికి నిధులు రాలేదు. ఆరబెట్టే సంగతి తేలాక మళ్లీ రమ్మని ఉత్తరం వచ్చింది. ఆయన హైమవతితో మాట్లాడడం మానేశారు. థీసిస్ ఆయన బల్ల మీద రెండున్నర నెలలు పడి ఉంది. ఆ మధ్యలో ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, గట్టి గొంతు. దానికి కారణం నేనని చెప్పుకునేంత మనిషిబుద్ధి నాకింకా రాలేదు. ద్రావకం ముట్టకపోవడం వల్ల పుట్టిందో, ముట్టినా పుట్టేదో ఎవరికీ తెలియదు. ముట్టకుండా ఉండే వీలు ఆవిడ చేసుకుంది, అంతవరకే నాకు తెలుసు.

ఆఖరికి ఆయన సంతకం పెట్టారు. మంచితనం వల్ల కాదు. కమలినీదేవి మళ్లీ ఉత్తరం రాసి, "ఆ పన్నెండు సెల్లుల అమ్మాయి" థీసిస్ ఎప్పుడొస్తుందని అడిగింది కాబట్టి.

ఏడో నంబరు సెల్లు మూడు వందల పన్నెండో విడతలో ఆగిపోయింది. హైమవతి పసిపిల్లను ఇంట్లో మామగారి ఒళ్లో పెట్టి, ఒక పూట ల్యాబుకు వచ్చింది. తేమ చొరబడని గాజు పెట్టెలో చేతులు దూర్చి సెల్లును విప్పింది. లిథియం బూజు పట్టినట్టు నల్లబడి ఉంది. లోపలి ద్రవం ఇంకిపోయింది. నేను మాత్రం రేకును పట్టుకునే ఉన్నాను. పటకారుతో గీకితే రాలేదు.

"ఇంక వదిలెయ్యవే, అయిపోయింది" అంది.

ఇంతమంది చేతుల్లో నలిగాను గానీ, నాతో మాట్లాడిన మనిషి ఆవిడ ఒక్కతే.

రేకును చిన్న కవరులో పెట్టి, అంకె వేసి, ఒక అట్టపెట్టెలో సర్దింది. అందులో అప్పటికే చచ్చిన ఆ నాలుగు సెల్లులూ ఉన్నాయి. అప్పుడే ప్రొఫెసర్ గారు లోపలికి వచ్చారు. చాలా నెలల తర్వాత ఇద్దరూ ఎదురుపడడం అదే. ఆయన పెట్టెలోకి చూశారు.

"పోయినవన్నీ ఎందుకమ్మా దాస్తున్నావు?"

"పోయినవే దాచాలి సార్. బతికినవాటిని అందరూ దాస్తారు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పెట్టె మూత తానే వేశారు.

ఆ చీకట్లో, ఆ నాలుగింటి పక్కన పడుకుని, ఆవిడ మాటకి ఏదైనా వెక్కిరింపు తోస్తుందేమోనని చాలాసేపు వెతికాను. దొరకలేదు.